దురదకు ఇంటి మందు: ఏది ముందు రాయాలి, ఏది రాయకూడదు

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ వైపు తెలుగిళ్లలో ఒంటికి దురద పుడితే చెయ్యి ముందు పసుపు డబ్బా మీదకే పోతుంది, ఆ తర్వాత పెరట్లో వేపచెట్టు మీదకి. సంతలో కనబడితే కానుగ నూనె కూడా ఒక సీసా ఇంటికొస్తుంది. మూడూ మంచివే, కానీ మూడూ ఒకే పనికి కాదు. అసలు మనం మందుగా లెక్కే వేయని గంజి, కొబ్బరినూనెలకే మనుషుల మీద చేసిన పరీక్షల్లో గట్టి ఆధారం దొరికింది. పసుపు, వేపల గురించి తెలిసినది చాలావరకు ప్రయోగశాలలో తేలినదే. అందుకని వరస ఇలా పెట్టుకోండి: నీళ్లు, గంజి, నూనె. ఆకులు, పొడులు ఆ తర్వాతే.

ముందు అది ఏ దురదో పోల్చుకోండి

వెలుతురులో నిలబడి మచ్చని బాగా చూడండి. దాని అంచు ఎలా ఉంది, ఒంట్లో ఎక్కడ ఉంది, ఏ వేళకి దురద ఎక్కువవుతోంది, ఈ మూడూ గమనిస్తే సగం తేలిపోతుంది.

గుండ్రంగా, అంచు ఎర్రగా పొలుసుతో లేచి, మధ్యలో చర్మం మామూలుగా కనిపిస్తే అది తామర. గజ్జల్లో, నడుం చుట్టూ బట్ట బిగిసే చోట ఎక్కువ. అది ఫంగస్, కాబట్టి గంజి, కొబ్బరినూనెలతో పోదు.

రాత్రి పడుకోగానే దురద పెరిగి, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులుండి, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటున్నారంటే గజ్జి. చర్మంలో దూరిన పురుగు వల్ల వచ్చేది.

మెడ, వీపు, చంకల్లో ఆవగింజంత పొక్కులు, ఎండాకాలంలో చుర్రుమంటూ ఉంటే చెమటకాయలు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం పొడిబారి, గరుకై, ఏటా వచ్చి పోతుంటే ఎగ్జిమా.

ఇవేవీ కాకుండా పొద్దున లేని దురద సాయంత్రానికి వచ్చిందంటే ఏదో తగిలిందనుకోండి. మన వైపు తగిలేవి చాలానే ఉన్నాయి. అడవికి, డొంకల్లోకి వెళ్లినవాళ్లకి దూలగొండి, ఒడియాలో బాయిడంక. వానల్లో మునగచెట్టు కింద నిలబడితే గొంగళి పురుగు నూగు. జీడిపిక్కలు కాల్చినవాళ్లకి, కొట్టినవాళ్లకి ఆ తొక్కలోని నూనె. చాకళ్లు బట్టలకి గుర్తు పెట్టే నల్లజీడి రసం. మామిడికాయ సొన. ఈ చివరి మూడూ ఒకే కుటుంబం చెట్లు. ఒకటి పడనివాళ్లకి మిగతావి కూడా పడకపోవచ్చు.

తగిలినదాన్ని తీసేయడమే మొదటి మందు

దూలగొండి నూగు తగిలితే చేత్తో రుద్దకండి. ఆ వెంట్రుకల్లో మ్యుకునైన్ అనే ఎంజైము ఉంటుంది, దురద పుట్టించేది అదే. రుద్దితే వెంట్రుక ఇంకా లోపలికి దిగుతుంది. ప్యాకింగ్ టేపు ముక్క అతికించి పైకి లాగండి. ప్రతిసారీ కొత్త ముక్క తీసుకుంటూ నాలుగైదుసార్లు అలా చేయండి. ఆ తర్వాత సబ్బుతో, చన్నీళ్లతో కడగండి. గొంగళి నూగుకీ ఇదే పద్ధతి. పేడ రాయడం, బూడిద రుద్దడం కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. గీతలు పడ్డ చర్మానికి పేడ తగిలితే ధనుర్వాతం భయం ఉంటుంది. అది మానాలి.

జీడి నూనెగానీ మామిడి సొనగానీ తగిలితే ఆలస్యం చేయకుండా, మొదటి పది పదిహేను నిమిషాల్లోనే సబ్బుతో కడగాలి. వేడినీళ్లు వద్దు. గోళ్ల సందులు కూడా కడగండి, లేకపోతే అదే చెయ్యి ముఖానికి తగిలి అక్కడా పొక్కుతుంది. తగిలిన బట్టలు విడిగా ఉతకాలి.

వానాకాలం రాత్రుళ్లు లైటు కిందకి ఎర్రగా నల్లగా పట్టీలున్న సన్నటి పురుగొకటి వస్తుంది. మెడ మీద వాలితే నలపకుండా ఊది పంపేయండి. నలిపితే దాని రసం పారిన మేర చర్మం గీతలా కాలిపోతుంది. రసం అంటితే వెంటనే సబ్బునీళ్లతో కడగండి. ఆ గీత మీద వెల్లుల్లి రాస్తే కాలినచోట మళ్లీ కాల్చినట్టే.

గంజి

అన్నం వార్చిన గంజి, ఉప్పు వేయనిది, రెండు పెద్ద గ్లాసులు తీసుకోండి. గడ్డలు లేకుండా పల్చటి గుడ్డలో వడగట్టి, బకెట్‌లో సగానికి పైన గోరువెచ్చని నీళ్లలో కలపండి. మామూలుగా సబ్బుతో స్నానం చేశాక ఈ నీళ్లను దురద ఉన్న చోట కొంచెం కొంచెంగా పోసుకుంటూ పది పదిహేను నిమిషాలు తడిగా ఉంచండి. చెయ్యో కాలో అయితే ఒక టబ్బులో ముంచి కూర్చుంటే సరిపోతుంది. తర్వాత కడగనక్కర్లేదు. తువాలుతో ఒత్తుకోండి, రుద్దకండి. రోజుకు రెండు పూటలా చేయవచ్చు.

దీనికి ఆధారం చూడండి. 2002లో బెల్జియం పరిశోధకులు, డిటర్జెంటు రసాయనంతో చర్మం దెబ్బతిన్నవాళ్లను బియ్యపు స్టార్చ్ కలిపిన నీళ్లలో రోజుకు రెండుసార్లు, 15 నిమిషాల చొప్పున ఉంచి చూశారు. చర్మం కోలుకునే శక్తి 20 శాతం దాకా మెరుగైంది. బట్టల సోడా, గిన్నెల పొడి వల్ల చేతులు ఎర్రబడి మండేవాళ్లకి ఇది అచ్చంగా సరిపోయే మందు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. పులిసిన తరవాణి, పఖాళ (ఒడియావాళ్ల చద్దన్నం) నీళ్లు కూడా గంజే కదా అని పోసుకుంటారు. పులిస్తే ఆమ్లం చేరుతుంది. ఉప్పు కూడా పడి ఉంటుంది. గోకి గోకి చిట్లిన చర్మానికి తగిలితే ప్రాణం పోయినంత మంట పుడుతుంది. అవి తాగడానికి ఉంచుకుని, ఒంటికి ఆ పూట వార్చిన గంజే వాడండి.

నూనెల్లో ఏది

ఎగ్జిమాకి, పొడిబారిన చర్మానికి కొబ్బరినూనె. స్నానం అయిన వెంటనే, ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే రాయాలి. నూనె ఆ తడిని లోపల పట్టి ఉంచుతుంది. ఆరిన చర్మం మీద రాస్తే పట్టి ఉంచడానికి ఏమీ ఉండదు. పెద్దవాళ్లకి ఒక చేతికి అర టీస్పూను చాలు. సువాసన వేసిన తలనూనె వద్దు, వట్టి కొబ్బరినూనె కావాలి.

2014లో ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లలకు ఎనిమిది వారాలు పరీక్ష పెట్టారు. కొందరికి పచ్చి కొబ్బరి నుంచి తీసిన వర్జిన్ నూనె, కొందరికి మినరల్ ఆయిల్. మొదటి గుంపులో జబ్బు తీవ్రత 68 శాతం తగ్గితే రెండో గుంపులో 38 శాతమే తగ్గింది. ఇంటి వైద్యంలో ఇంతకంటే శుభ్రంగా జరిగిన పరీక్ష అరుదు.

ఒడిశాలో ఉంటున్నాం కాబట్టి ఇరుగుపొరుగు అలవాటు మనకీ అబ్బుతుంది. పసిపిల్లలకి ఆవనూనె మర్దన అందులో ఒకటి. బాగున్న చర్మానికి ఎలా ఉన్నా, దురద ఉన్న చర్మానికి మాత్రం వద్దు. ఆవనూనె ఘాటుకి కారణమైన రసాయనమే చర్మాన్ని మండిస్తుంది. 2002లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో ఆవనూనె రాసిన చర్మం పొర ఆలస్యంగా కోలుకుంది, పొద్దుతిరుగుడు నూనె రాసినది త్వరగా కోలుకుంది. కొబ్బరినూనె లేకపోతే వంటింటి సన్‌ఫ్లవర్ నూనెకే మా ఓటు.

చెమటకాయల మీద ఏ నూనే రాయకండి, చెమట దారి మూసుకుపోతుంది. వాటికి చన్నీళ్ల స్నానం, వదులు నూలుబట్ట, గాలి, అంతే. మంచిగంధం చెక్క ఉంటే సాన మీద అరగదీసి పల్చగా పూయవచ్చు, ఆరేటప్పుడు చల్లబరుస్తుంది. డబ్బాల్లో అమ్మే గంధం పొడిలో సెంటు తప్ప గంధం ఉంటుందన్న నమ్మకం మాకు లేదు.

వేప

లేత ఆకు కాకుండా ముదురాకు కోయండి. ఈనెలు తీసి, దుమ్ము పోయేలా రెండు నీళ్లలో కడిగి, రెండు గుప్పెళ్ల ఆకు లీటరు నీళ్లలో వేసి మూతపెట్టి పది నిమిషాలు మరిగించండి. చల్లారాక వడగట్టండి. గుడ్డ ముంచి దురద ఉన్న చోట పది నిమిషాలు వేయండి. మిగిలింది ఆ రోజే స్నానం నీళ్లలో కలిపేయండి. రెండో రోజుకి ఉంచితే వేపనీళ్లలో కూడా సూక్ష్మజీవులు పెరుగుతాయి. చేదుగా ఉన్నంత మాత్రాన పాడవకుండా ఉండదు.

వేపలోని నింబిడిన్ అనే పదార్థం వాపు తగ్గిస్తుందని జంతువుల మీద, బ్యాక్టీరియాని అడ్డుకుంటుందని ప్రయోగశాలలో తేలింది. మనుషుల మీద చెప్పుకోదగ్గది గజ్జి గురించి 1992లో అచ్చయిన అధ్యయనం: 814 మందికి వేప, పసుపు ముద్ద రాస్తే 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో నయమైందని రాశారు. అంకె బాగుంది. అయితే ముద్ద రాయని గుంపుతో పోల్చి చూడలేదు, కాబట్టి దాన్ని ఆశగా తీసుకోవాలిగానీ రుజువుగా కాదు.

ఆ ముద్ద చేయాలంటే నాలుగు పాళ్ల వేపాకుకి ఒక పాలు పచ్చిపసుపు కొమ్ము కలిపి మెత్తగా నూరండి. మెడ కింద నుంచి పాదాల దాకా రాసి, ఆరాక స్నానం చేయండి. ఒక్కరే రాసుకుంటే దండగ. ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవాలి. పక్కబట్టలు మరిగే నీళ్లలో ఉతకాలి, ఉతకలేని దుప్పట్లను ప్లాస్టిక్ సంచిలో కట్టి కనీసం మూడు రోజులు పక్కన పెట్టాలి. ఇంత చేసినా వారంలో తగ్గకపోతే గజ్జి పురుగుని చంపే 5 శాతం పెర్మెత్రిన్ క్రీము తెచ్చుకోండి. రాత్రి రాసి 8 నుంచి 14 గంటలుంచి కడగాలి, వారం పది రోజుల తర్వాత మరోసారి రాయాలి. పసిబిడ్డకీ గర్భిణికీ డాక్టరుని అడిగే ఏదైనా.

వేపనూనె నేరుగా రాస్తే మండుతుంది. ఒక చెంచా వేపనూనెకి పది చెంచాల కొబ్బరినూనె కలపండి. కానుగ నూనె, సంతలో కరంజ నూనె అంటారు, కొంచెం మెత్తన: ఒకటికి నాలుగు చాలు. ఈ రెండు నూనెలూ పిల్లల నోట్లోకి పోకూడదు. వేపనూనె తాగించిన పసిపిల్లలు ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి తెచ్చుకున్న సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. సీసా అందని ఎత్తులో పెట్టండి. కానుగ నూనెలో నిమ్మరసం కలపడం పాత పద్ధతి. అది రాసుకుని ఎండలోకి వెళితే కాలి నల్లమచ్చలు పడతాయి, నిమ్మలోని పదార్థం ఎండతో కలిస్తే జరిగే పని అది. నిమ్మ లేకుండా వాడండి.

పసుపు

పసుపులో మందుగా పనిచేస్తుందనే పదార్థం కుర్కుమిన్ సుమారు మూడు శాతమే, అదీ నీళ్లలో కరగదు. నీళ్లతో కలిపిన పసుపు పట్టు పైపైన రంగు పూసినట్టే. గోరువెచ్చని కొబ్బరినూనె నాలుగు చెంచాలకి పావు చెంచా పసుపు కలిపి, పది నిమిషాలు ఉంచి, పైన తేరిన నూనె రాయండి. కింద దిగిన మడ్డి గరుకుగా ఉంటుంది, చిట్లిన చర్మం మీద రుద్దకూడదు. రోజుకొకసారి, రాత్రి పూట రాస్తే మేలు. వెలుతురులో కుర్కుమిన్ పాడవుతుంది.

పొడి కంటే కొమ్ములు కొని దంచుకోవడం నయం. కంధమాల్ పసుపుకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన సంతల్లో ఆ కొమ్ములు దొరుకుతాయి కూడా. పొడే కొనాల్సి వస్తే గ్లాసు నీళ్లలో ఒక చెంచా వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపు అడుక్కి దిగి పైన నీళ్లు లేతగా ఉంటాయి. నీళ్లంతా ముదురు పచ్చగా మారితే రంగు కలిసిందన్నమాట, దాన్ని ఒంటికి రాయకండి, కూరలోనూ వేయకండి.

గాయాలు మాన్పే పసుపు మీద అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటుని మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించిన సంగతి చాలామంది చెబుతుంటారు. అది మనకి ముందే తెలిసిన విద్య అని తేలడం వల్ల వచ్చిన గెలుపు. పసుపు ఎంతవరకు పనిచేస్తుందన్నది ఆ కేసులో ప్రశ్నే కాదు.

పసుపులో సున్నం కలిపి బెణుకులకి పట్టు వేస్తారు. అదే పట్టు దురదకి వేస్తే సున్నం క్షారం చర్మాన్ని తినేస్తుంది. ఇంకా, పసుపు పడనివాళ్లు కూడా ఉంటారు. రాసినకొద్దీ ఎర్రబడుతుంటే జబ్బు ముదురుతోందనుకుని మరింత రాయకండి, మందే జబ్బు కావచ్చు.

కలబంద

ఎండకి కమిలిన చర్మానికి, వంట దగ్గర చిన్నగా కాలినదానికి మంచిది. మొక్కకి అడుగున ఉన్న లావాటి ఆకు కోసి, కోసిన వైపు కిందికి పెట్టి గ్లాసులో పావుగంట నిలబెట్టండి. పసుపుపచ్చటి జిగురు కారుతుంది. అది దురద పుట్టించేది. అది కారనివ్వకుండా గుజ్జు తీసి రాసుకుని, కలబంద నాకు పడదు అనేవాళ్లే ఎక్కువ. కారాక కడిగి, పచ్చతొక్క పూర్తిగా చెక్కేసి, గాజులాంటి గుజ్జు మాత్రమే తీసుకోండి. ఏ పూటకి ఆ పూట.

తామరకి ఆకు మందు, దానికి గడువు

సీమ అవిసె, హిందీవాళ్లు దాద్‌మర్దన్ అనే మొక్క, పసుపుపచ్చ పూలు కొవ్వొత్తుల్లా నిలబడతాయి. దాని ఆకులు పది, కొద్దిగా నీళ్లు చల్లి మెత్తగా నూరండి. మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు వేళ్ల వెడల్పు దాకా రాయాలి, ఫంగస్ కంటికి కనిపించేదానికంటే అవతలికి పాకి ఉంటుంది. రెండు పూటలా రాసి, ఆరాక కడిగి పొడిగా తుడవండి. ఈ ఆకులోని ఆంత్రాక్వినోన్లు అనే పదార్థాలు ఫంగస్‌ని అడ్డుకుంటాయని తేలింది. ఫిలిప్పీన్స్ ఆరోగ్యశాఖ సిఫారసు చేసిన పది మూలికల్లో ఇదొకటి. ఫంగస్ వల్లే వచ్చే శోభి మచ్చల మీద ఈ ఆకుతో మనుషుల్లో చేసిన అధ్యయనం 1994లో అచ్చయింది. తంటెం గింజలు, ఒడియాలో చాకుండా, పుల్లమజ్జిగతో నూరి రాయడం కూడా ఇదే దారిలోనిది. తంటెం ఇక్కడ వానలకి ఎక్కడబడితే అక్కడే మొలుస్తుంది.

రెండు వారాల గడువు పెట్టుకోండి. అంచు లోపలికి ముడుచుకుంటుంటే కొనసాగించండి, మచ్చ పోయాక కూడా రెండు వారాలు రాయండి. అంచు పెరుగుతుంటే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇప్పుడు తిరుగుతున్న తామర మునుపటి తామర కాదు, చాలామందిలో మామూలు మాత్రలకీ లొంగడం లేదు. మందుల దుకాణంలో అడగ్గానే ఇచ్చే, మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు, దురద పోతాయి, అడుగున ఫంగస్ హాయిగా పెరుగుతుంది. ట్యూబు ఆపగానే రెట్టింపై వస్తుంది. ఆ ట్యూబుతో పోలిస్తే ఏ ఆకైనా నయం.

ఊడ్పుల రోజుల్లో కాలివేళ్ల సందులు పాసిపోతే గోరింటాకు ముద్ద పెట్టుకోవచ్చు, అందులోని లాసోన్ అనే రంగు పదార్థానికి ఫంగస్‌ని ఆపే గుణం ఉంది. ముద్ద కంటే ముఖ్యం, పొలం నుంచి రాగానే కడిగి ప్రతి సందూ పొడిగుడ్డతో తుడవడం. పసిపిల్లలకి మాత్రం గోరింటాకు వద్దు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన బిడ్డకి అది రక్తకణాలను పగలగొడుతుంది. కొరాపుట్, రాయగడ వైపు ఆ లోపం ఉన్న కుటుంబాలున్నాయి.

ఏది రాసినా ముందు ఈ పరీక్ష

మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర రాసి, అరగంటకి కడగండి. అదే చోట రోజుకు రెండుసార్లు, వారం పది రోజులు అలా చేయండి. ఎర్రబడటం, పొక్కడం లేకపోతేనే మిగతా ఒంటికి. ఒకేసారి రెండు కొత్త మందులు మొదలుపెట్టకండి. పడనిది ఏదో తెలియదు.

ఇంట్లో ఆగకూడనివి

పెదవులు, కళ్లు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆ నిమిషమే ఆసుపత్రికి వెళ్లాలి. చీము, జ్వరం, మచ్చ చుట్టూ వేడితో పాకే ఎరుపు, కళ్ల దగ్గర పొక్కులు ఉంటే అదే రోజు. చక్కెర జబ్బున్నవాళ్లు పాదాల మీద ఏ ఆకూ ప్రయోగించకూడదు.

దురదే లేకుండా పాలిపోయిన మచ్చ ఉండి, దాని మీద దూది ఆనించినా తెలియకపోతే అది కుష్టు కావచ్చు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మందు ఉచితం, మొదట్లోనే వాడితే వేళ్లు వంకర పోకుండా పూర్తిగా నయమవుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అంతవరకు రాసిన ప్రతిదీ చెప్పండి, ఆకు పేరు తెలియకపోతే ఒక రెమ్మ, ట్యూబు అయితే దాని అట్టపెట్టె పట్టుకెళ్లండి. ఆ పూట మాత్రం పసుపు రాసుకోకండి, రంగు కింద మచ్చ అసలు రూపు కనిపించదు.